కలం కలెక్టరేట్లో, జ్ఞాపకం ఊళ్లో

నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట ఊళ్లలోనూ, రాయలసీమలోనూ చుక్కల భూమి అంటే ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. తెల్లవాళ్ల కాలంలో భూములు మళ్లీ కొలిచి, శిస్తు ఖరారు చేసి, ఊరూరికీ రీసెటిల్‌మెంట్ రిజిస్టరు అని ఒకటి తయారుచేశారు. వాడుకలో ఆర్‌ఎస్‌ఆర్. సర్వే నంబరు ఎదుటి గడిలో పట్టాదారు పేరైనా రాయాలి, ప్రభుత్వ భూమి అనైనా రాయాలి. ఎటూ తేలని చోట గుమాస్తా వరసగా చుక్కలు పెట్టి తర్వాతి నంబరుకు వెళ్లిపోయాడు. ఆ గుమాస్తా పోయాడు, అతన్ని పంపిన సర్కారూ పోయింది. చుక్కలు మాత్రం కదల్లేదు.

వందేళ్ల తర్వాత ఆ భూములన్నీ 22-ఏ నిషేధిత జాబితాలోకి ఎక్కాయి. అంటే అమ్ముకోవడానికి లేదు, రిజిస్ట్రేషన్ కాదు. 2017లో వీటి కోసమే ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టం చేశారు. 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా భూమిని జాబితా నుంచి తీసేశామని కావలిలో సభ పెట్టి ప్రకటించారు. ఒక గుమాస్తా పెట్టిన చుక్కలు చెరపడానికి ఒక చట్టం, ఒక ముఖ్యమంత్రి, ఒక బహిరంగ సభ కావాల్సి వచ్చాయి.

మా మేనమామకు ఆ వైపు మెట్టలో అలాంటి నేల కొంత ఉండేది. వాళ్ల తాత నాటి నుంచి దున్నుకుంటున్నదే. కూతురి పెళ్లికని అందులో కొంత బేరం పెట్టి, బయానా కూడా తీసుకున్నాక, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ‘ఇది జాబితాలో ఉందండీ, కాదు’ అన్నారు. ఆ నేల ఎవరిదో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. బావి ఎప్పుడు తవ్వారో, గట్టు తగాదా ఎవరితో వచ్చిందో, అది ఎవరు తీర్చారో కూడా చెబుతారు. కానీ ఊరు చెప్పిన మాట ఏ కాగితం మీదా చెల్లదు. అందుకని మామ సోమవారాలు అర్జీ పట్టుకుని కలెక్టరేటుకు తిరిగేవాడు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. వరసలో మాకు ముందు నిలబడిన మనిషి ఎవరా అని చూస్తే, ఆ ఊరి సర్పంచే. ఊరి మంచినీళ్ల మోటారు కాలిపోతే చేతి డబ్బు పెట్టి బాగు చేయించాడట, ఆ బిల్లు కోసం అర్జీ. ‘ఏం సర్పంచి గారూ, మీరు గూడానా?’ అని మామ అడిగితే, ‘నేను గూడా నీ మాదిరోణ్ణే గదా అబ్బయ్యా’ అని ఆయన నవ్వేశాడు.

ఆ మాట హాస్యానికి అన్నదే అయినా నాకు మాత్రం నవ్వు రాలేదు. ఓట్లేసి గెలిపించుకున్న మనిషి, ఓటేసిన మనిషి, ఇద్దరూ ఒకే వరసలో నిలబడి, ఏ ఎన్నికలోనూ నిలబడని ఇంకో మనిషి కోసం ఎదురుచూస్తున్నారు. వలస పాలన నుంచి బయటపడిన దేశంగా మన ముందున్న చిక్కుల గురించి చాలా చర్చలు నడుస్తుంటాయి. ఇంగ్లిషు చదువులు, విగ్రహాలు, రోడ్ల పేర్లు, పాఠ్యపుస్తకాల్లో ఎవరి చరిత్ర ఎంత. వాటిని కొట్టిపారేయను. అయితే నా లెక్కలో అసలు చిక్కు ఆ వరస. ఊరి సంగతి తెలిసినవాళ్ల చేతిలో కలం లేదు, కలం ఉన్నవాళ్లను ఊరు దించలేదు. పరాయివాళ్లు ఈ ఏర్పాటును తమ అవసరానికి చేసుకున్నారు. మనవాళ్లు తమ అవసరానికి ఉంచుకున్నారు. మొదటి సంగతి మీద మనకు కావలసినంత కోపం ఉంది. రెండో దాని మీద లేదు.

కలెక్టరు ఉద్యోగాన్ని 1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్లో పెట్టాడు. మన వైపు దానికి వేళ్లు దిగేలా చేసినవాడు థామస్ మన్రో. 1800లో నిజాం సీమ జిల్లాలను కంపెనీకి రాసిచ్చాక 1807 దాకా అతను అక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో సీమలో తిరుగుతూ పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మధ్యలో జమీందారు లేకుండా సర్కారు నేరుగా రైతుతోనే శిస్తు మాట్లాడుకునే రైత్వారీ పద్ధతి అతని చేతి మీదుగా స్థిరపడింది. సీమలో మన్రో పేరు ఇప్పటికీ గౌరవంగానే తలుస్తారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి అతనికి కనిపించి మాట్లాడాడని చెప్పుకుంటారు. పిల్లలకు అతని పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ గౌరవాన్ని నేను ఎగతాళి చేయను. పాళెగాళ్ల కత్తులూ, దండ్ల దోపిళ్లూ చూసి చూసి అలసిన జనానికి, గుర్రమెక్కి ఊరికి వచ్చి, చెట్టు కింద కూర్చుని, చెప్పింది విని రాసుకునే దొర దేవుడిలాగే కనిపించి ఉంటాడు. మంచి దొర దొరికితే చాలు అనే అలవాటు కూడా మనకు అక్కడే పడిందని నా అనుమానం. ఇవాళ్టికీ జిల్లాకు కొత్త కలెక్టరు వస్తున్నారంటే జనం అడిగే మొదటి ప్రశ్న ‘మంచాయనేనా?’

దొర మంచివాడైనా కింద యంత్రం ఎలా నడిచిందో చూడాలంటే 1855 నాటి రిపోర్టు చదవాలి. శిస్తు వసూలులో హింస జరుగుతోందని గోల లేచాక మద్రాసు ప్రభుత్వమే ఒక విచారణ కమిషన్ వేసింది. మనిషిని ముందుకు వంచి, మెడకూ కాలివేళ్లకూ కలిపి తాడు బిగించి ఎండలో ఉంచడం, వేళ్లను చెక్కల మధ్య పెట్టి నొక్కడం, ఇలాంటివి మామూలు వసూలు పద్ధతులుగా ఉన్నాయని ఆ కమిషన్ ఒప్పుకుంది. చేసినవాళ్లు తెల్లవాళ్లు కాదు. తహసీల్దారు కింది బంట్రోతులు, ఊరి ఉద్యోగులు, అంటే మన తాతముత్తాతల్లో ఎవరో. బాధపడ్డవాడు ఫిర్యాదు చేసుకోవాలంటే ఆ తహసీల్దారుకే చేసుకోవాలి, లేదా మైళ్ల కొద్దీ నడిచి కలెక్టరు దగ్గరకు పోవాలి. ఆ కలెక్టరుకు కావలసింది కూడా శిస్తే. వసూలు చేసేవాడు, కాపలా కాసేవాడు, తీర్పు చెప్పేవాడు ఒకే గొడుగు కింద ఉంటే అర్జీకి అర్థం ఏముంటుంది? దయ చూపండి అని తప్ప?

ఆ తర్వాత పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు. 1859లో మద్రాసు పోలీసు చట్టం, 1861లో దేశమంతటికీ ఇంకొకటి వచ్చాయి. ఆ 1861 చట్టం గురించి మళ్లీ చెబుతాను, అది ఇంకా చావలేదు.

తెలంగాణ మిత్రులు ‘మాకు తెల్లదొర లేడు కదా’ అంటుంటారు. నిజమే. కానీ మొదటి సాలార్‌జంగ్ 1860ల్లో జిల్లాబందీ పేరుతో హైదరాబాదు సంస్థానంలో తెచ్చింది దాదాపు ఇదే నమూనా. అక్కడ తాలూక్‌దారు, తహసీల్దారు. ఊళ్లో పట్వారీ, పోలీస్ పటేలు, మాలీ పటేలు. 1948 తర్వాత తాలూక్‌దారు కలెక్టరయ్యాడు. రెండు వైపుల తెలుగువాళ్లూ రెండు దారుల్లో నడిచి ఒకే గది ముందుకు చేరుకున్నారు.

స్వపరిపాలన అనే మాటను తెల్లవాళ్లు వాడలేదని కాదు. 1882లో వైస్రాయి రిపన్ ప్రభువు స్థానిక సంస్థల మీద తీర్మానం చేశాడు. తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు వచ్చాయి, మునిసిపాలిటీలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. వాటి రుచి ఎలాంటిదో చీరాల జనం 1921లో చూశారు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. మాకొద్దు మహాప్రభో అన్నా వినలేదు. ఎందుకంటే మునిసిపాలిటీ అయితే పన్నులు ఎన్నో రెట్లు పెరుగుతాయి, సౌకర్యాల ఖర్చు జనం మీదకు పోతుంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద ఆ ఊళ్ల జనం ఇళ్లకు తాళాలు వేసి, ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టి దాదాపు 11 నెలలు అక్కడే కాపురం చేశారు. పన్ను కట్టేవాడు ఊళ్లో లేకపోతే మునిసిపాలిటీ దేనికి?

ఈ కథను మనం పాఠ్యపుస్తకాల్లో త్యాగం కింద, దేశభక్తి కింద చదువుకుని వదిలేశాం. నాకు అందులో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఆ జనం తెల్లవాడు పొమ్మని మాత్రమే కొట్లాడలేదు. మా ఊరికి ఎంత పన్ను, ఏ పనికి, ఎవరు నిర్ణయించాలి అని కొట్లాడారు. ఆ తర్వాతి ఏడు గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పన్ను నిరాకరణ నడిచినప్పుడు మునసబులు, కరణాలు రాజీనామాలు ఇచ్చేసరికి జిల్లా యంత్రాంగానికి కాళ్లు విరిగినట్టయింది. కలం ఎక్కడ ఉందో, దాన్ని ఎలా ఆపాలో ఆ తరానికి బాగా తెలుసు. పాతికేళ్లలో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ప్రశ్న మాత్రం జవాబు లేకుండానే మూలకు పోయింది.

ఎందుకు పోయింది? ఇక్కడ అప్పటివాళ్ల పట్ల న్యాయంగా ఉండాలి. దేశ విభజన రక్తపాతం, సంస్థానాల విలీనం, తెలంగాణలో సాయుధ పోరాటం, ఆహార కొరత. చేతికందిన యంత్రాన్ని విరగ్గొట్టి కొత్తది చేసుకునే వ్యవధి ఎక్కడిది? తెల్లవాళ్ల నాటి ఐసీఎస్ అధికారులను వెనకేసుకొచ్చి సర్దార్ పటేల్ 1949లో రాజ్యాంగ సభలో గట్టిగా మాట్లాడారు. 1935 భారత ప్రభుత్వ చట్టంలోంచి పరిపాలన వివరాలు చాలావరకు రాజ్యాంగంలోకి వచ్చేశాయి. గ్రామ పంచాయతీల మాట ఆదేశిక సూత్రాల్లో, 40వ అధికరణంలో, కోర్టుకెక్కడానికి వీల్లేని చోట సర్దేశారు. ఇది ఆపద సమయం ఏర్పాటు. నా అభ్యంతరం ఆపద గడిచాక కూడా అది అలాగే ఉండిపోవడం మీద.

తర్వాత ప్రయత్నాలు జరగలేదా అంటే, జరిగాయి. 1959లో రాజస్థాన్‌లో నాగౌర్ తర్వాత పంచాయతీరాజ్‌ను మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే, షాద్‌నగర్లో. పాతతరం వాళ్లు పంచాయతీ సమితి ప్రెసిడెంటు గురించి ఇప్పటికీ చెబుతారు, ఆ రోజుల్లో ఆయన మాటకు ఎమ్మెల్యే కూడా జంకేవాడని. అదే ప్రాణం మీదకు తెచ్చింది. ఎమ్మెల్యేకు పోటీ వచ్చే సంస్థను ఏ ప్రభుత్వం బతకనిస్తుంది? ఏళ్ల తరబడి ఎన్నికలు పెట్టకుండా ఎండబెట్టారు.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులను తీసేసింది. వంశపారంపర్యంగా ఊరి లెక్కలన్నీ ఒకే గడపలో మగ్గిన వ్యవస్థ అది. దాన్ని పగలగొట్టడం మామూలు సంగతి కాదు. స్వతంత్ర భారతంలో తెలుగు నేల మీద జరిగిన పెద్ద పరిపాలనా మార్పు అదేనని ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ కరణం చేతిలోంచి తీసిన కలం ఎక్కడికి పోయింది? ఊరి పంచాయతీకి రాలేదు. మండలాఫీసుకు పోయింది. కరణం బస్తాలు, సాగు లెక్కల అడంగల్, పొలం కొలతల ఎఫ్‌ఎంబీలు, అన్నీ. కుల పెత్తనం ఒక మెట్టు విరిగింది, మంచిదే. అధికారం మాత్రం కింద నిలవకుండా పైకి పోయింది. అక్కడి నుంచి ఈనాటి దాకా అది పైకే పోతోంది. తెలంగాణలో 2020లో ఊరి రెవెన్యూ అధికారులైన వీఆర్వోలను తీసేసి, భూమి రికార్డులకు ధరణి పోర్టల్ తెచ్చినప్పుడు, పేరులో ఒక్క అక్షరం తప్పున్నా రైతు కలెక్టరు లాగిన్ కోసం కాచుకోవాల్సి వచ్చింది. ఇంత కంప్యూటరు యుగంలో మన్రో కాలం కంటే కలం ఊరికి దూరమైంది. 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం వచ్చింది, అప్పీళ్లు కొంత కిందికి దిగాయి. ఆ అప్పీలు వినేది మళ్లీ అధికారే.

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల జాబితా, అయిదేళ్లకోసారి తప్పనిసరి ఎన్నికలు, రిజర్వేషన్లు. కాగితం మీద చూస్తే చీరాల జనం అడిగిందంతా ఉంది. ఆచరణ చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచుల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. తెలంగాణలో 2024 ఫిబ్రవరికల్లా పంచాయతీలన్నీ ఖాళీ అయితే, దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్లే సర్పంచులు. అసెంబ్లీ గడువు ముగిశాక రెండేళ్లు కలెక్టర్లు రాష్ట్రాన్ని నడుపుతారంటే ఊరుకుంటామా? ఊరికి అయితే ఊరుకున్నాం. పెద్ద గొడవ కూడా కాలేదు. ఆ గొడవ లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

డబ్బు సంగతి ఇంకా అన్యాయం. ఆర్థిక సంఘం నిధులు కేంద్రం నుంచి పంచాయతీల పేరున వస్తే, కరెంటు బకాయిల కింద జమ వేసుకున్నామని ఆంధ్రలో రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. సర్పంచులు రోడ్డెక్కారు. తెలంగాణలో పల్లె ప్రగతి కింద పై నుంచి వచ్చిన టార్గెట్ల ప్రకారం వైకుంఠధామాలు (శ్మశానాలు), ప్రకృతి వనాలు అప్పులు చేసి కట్టించి, బిల్లుల కోసం తిరిగారు సర్పంచులు. కట్టించకపోతే సస్పెండ్ చేసే అధికారం 2018 పంచాయతీరాజ్ చట్టం కలెక్టరుకు ఇచ్చింది. జనం ఎన్నుకున్న మనిషిని, జనాన్ని అడగకుండా, ఒక ఉద్యోగి ఇంటికి పంపవచ్చు! 2019 అక్టోబరులో ఆంధ్రలో గ్రామ సచివాలయాలు వచ్చాయి. వార్డులవీ కలిపి 15 వేలకు పైగా. ఊళ్లోకి సర్వేయరు, ఇంజనీరింగ్ అసిస్టెంటు, పశువుల అసిస్టెంటు, మహిళా పోలీసు వచ్చారు. సేవలు దగ్గరయ్యాయి, కాదనను. మా అత్తకు సర్టిఫికెట్ల కోసం మండలాఫీసుకు తిరిగే బాధ తప్పింది. అయితే వాళ్లలో చాలామంది తమ తమ శాఖలకు జవాబుదారీ, పంచాయతీకి కాదు. పక్క గదిలో సర్పంచి కూర్చుంటాడు, అతనికి అటెండెన్స్ రిజిస్టరు అడిగే ధైర్యం ఉండదు.

ఇక ఆ సోమవారం. ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారుతుంది. ప్రజావాణి, డయల్ యువర్ కలెక్టర్, మీ కోసం, స్పందన, జగనన్నకు చెబుదాం, ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పార్టీలు మాత్రం ఒక్క విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నాయి: జనం వరసలో నిలబడాలి, అర్జీ ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. ఎన్ని అర్జీలు వచ్చాయో, ఎన్ని పరిష్కరించారో కలెక్టర్ల సదస్సులో శాతాలు చదువుతారు. ఇన్ని లక్షల అర్జీలు ఎందుకు వస్తున్నాయని ఎవరూ సిగ్గుపడరు. అర్జీ తీసుకోవడమే పాలన అనుకునే చోట అర్జీలు పెరగడం విజయమే మరి.

ఇదే యంత్రానికి రెండో వైపు 1861 పోలీసు చట్టం. సభలకూ ఊరేగింపులకూ పోలీసు అనుమతి కావాలనే దాని సెక్షన్ 30ని తెలుగువాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు, ‘పట్టణంలో సెక్షన్ 30 అమల్లో ఉంది’ అనే వార్త లేని నెల ఉండదు. 2022 డిసెంబరులో కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయాక, 2023 జనవరిలో ఆంధ్ర ప్రభుత్వం రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ ఇచ్చిన జీవో నంబర్ 1 ఆ సెక్షన్ ఆధారంగానే వచ్చింది. ఆ మే నెలలో హైకోర్టు కొట్టేసింది. దేశమంతటా 2024 జులై నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి, సీఆర్‌పీసీలోని 144 సెక్షన్ నంబరు 163 అయింది. నంబర్లు మళ్లీ బట్టీ పట్టడానికి లాయర్లకు శ్రమ అయింది గానీ ఊరేగింపు తీయాలంటే ఎవరి అనుమతి కావాలన్నది మారలేదు.

ఇప్పుడు ఈ వాదనకు ఎదురయ్యే బలమైన మాట. దాన్ని పక్కన పెట్టి మాట్లాడితే నిజాయితీ అనిపించుకోదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాల మీద ఉన్న మోజును తూర్పారబట్టారు. ఊరికి అధికారం ఇస్తే అది ఊళ్లో బలమైన కులానికే పోతుంది అన్నది ఆయన భయం. కారంచేడు (1985), చుండూరు (1991)లలో దళితుల ఊచకోత తర్వాత ఆ భయం తప్పని తెలుగువాడెవడూ అనలేడు. ఒక దళిత మిత్రుడు నాతో అన్నాడు: ‘మీకు కలెక్టరు దొరలా కనబడతాడన్నా. మాకు ఊళ్లో దొర మీద ఫిర్యాదు చేసుకోవడానికి ఉన్నది ఆయనొక్కడే.’ దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. చాలా రోజులు దాని గురించే ఆలోచించాను.

ఇప్పటికి నాకు తోస్తున్నది ఇది. బయటి అధికారి రక్షణ అన్నది కొంత నిజం. వెట్టి చాకిరీ విడిపించడానికి ఊళ్లు పట్టుకు తిరిగిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లు మన మధ్యే పనిచేశారు. కానీ అది మళ్లీ మంచి దొర లెక్కే. శంకరన్ బదిలీ అయితే? కారంచేడు నాడూ, చుండూరు నాడూ జిల్లాలో కలెక్టరు ఉన్నాడు, ఎస్పీ ఉన్నాడు. చుండూరులో 8 మంది దళితుల హత్యకు 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. పై నుంచి వచ్చే రక్షణ రాజధానిలో గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. ఎందుకంటే అధికారిని నియమించేదీ, బదిలీ చేసేదీ అదే కులాల పెద్దలు కూర్చున్న మంత్రివర్గం.

ఇంకో సంగతి. రిజర్వేషన్ల వల్ల దళిత స్త్రీ సర్పంచి కుర్చీలోకి వచ్చిన ఊళ్లు వేలల్లో ఉన్నాయి. మన దగ్గర సగం పంచాయతీలు స్త్రీలవే. వాళ్లను కుర్చీలో కూర్చోనివ్వని ఊళ్లున్నాయి, భర్తే సంతకాలు పెట్టించే ఊళ్లున్నాయి. తెలుసు. అయినా ఆ కుర్చీకి చెక్కు మీద సంతకం తప్ప సిబ్బంది లేరు, నిధి లేదు, భూమి రికార్డు మీద మాట లేదు. ఖాళీ కుర్చీని వదులుకోవడం పెద్ద కులానికి కష్టమేమీ కాదు. ఆ కుర్చీలో నిజమైన అధికారం పెట్టి, అట్రాసిటీ కేసుల లాంటివి ఊరి చేతికి చిక్కకుండా పైన ఉంచితే, అంబేడ్కర్ భయానికీ, చీరాల కోరికకూ రెంటికీ చోటుంటుంది. అంతా కలెక్టరుకు ఇవ్వడం, అంతా ఊరికి ఇవ్వడం అని రెండే దారులున్నట్టు మాట్లాడటం ఎవరికి లాభమో వాళ్లే అలా మాట్లాడతారు.

అది జరిగేది కాదు అనేవాళ్లకు దక్షిణాదిలోనే వేరే రాష్ట్రాలు చూపిస్తాను. కర్ణాటకలో 1987లో జిల్లా పరిషత్తులు ఏర్పడినప్పుడు, డిప్యూటీ కమిషనర్ (అక్కడ కలెక్టరును అలా అంటారు) కంటే సీనియర్ ఐఏఎస్ అధికారిని జిల్లా పరిషత్ ముఖ్య కార్యదర్శిగా వేసి, ఆయనను ఎన్నికైన అధ్యక్షుడి కింద పెట్టారు. ఊరూరా బోర్లు వేయించి ‘నీర్ సాబ్’ అనిపించుకున్న అబ్దుల్ నజీర్ సాబ్ మంత్రిగా చేసిన పని అది. ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు, నిలవనివ్వలేదు. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చారు. ప్రభుత్వాలు మారినా వెనక్కి లాక్కోలేకపోయారు. 2020లో కరోనా వచ్చినప్పుడు అక్కడ వంటశాలలు నడిపింది పంచాయతీలు.

కెన్యాలో కూడా ఇంగ్లిషువాళ్లు వదిలివెళ్లిన జిల్లా కమిషనర్లే యాభై ఏళ్లు దేశాన్ని ఏలారు. 2010 రాజ్యాంగంతో 47 కౌంటీలు, ఎన్నికైన గవర్నర్లు, జాతీయ ఆదాయంలో కనీసం 15 శాతం వాటా వచ్చాయి. అవినీతి కూడా కౌంటీలకు దిగిందని అక్కడివాళ్లు విసుక్కుంటారు. అయినా తిట్టాల్సిన మనిషి దగ్గర్లో ఉన్నాడు, అయిదేళ్లకు దించవచ్చు. పాకిస్తాన్లో 2001లో డిప్యూటీ కమిషనర్ పదవిని తీసేసింది ఎవరో తెలుసా? ముషారఫ్. పార్టీలను పక్కకు నెట్టడానికి ఒక నియంత వేసిన ఎత్తు అది. ఆయన గద్దె దిగాక ఎన్నికైన ప్రభుత్వాలు ఆ పదవిని వెనక్కి తెచ్చుకున్నాయి! ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఆ కుర్చీ ఎవరికి కావాలో చెప్పడానికి.

ఎందుకంటే ఈ యంత్రాన్ని ఇప్పుడు నిలబెడుతున్నది ఐఏఎస్‌లు కాదు. వాళ్లలో చాలామందికి సోమవారం అంటే తలనొప్పి. దాని మీద బతుకుతున్నది మన ఎమ్మెల్యే. పింఛను, ఇల్లు, బదిలీ, స్టేషన్లో కేసు, ఏది కావాలన్నా జనం ఆయన చుట్టూ తిరగాలి. ఆయన ఫోన్ చేస్తే అధికారి కదలాలి. అధికారం పంచాయతీలో ఉంటే ఆ ఫోన్‌కు విలువ లేదు. ముఖ్యమంత్రికి కూడా అంతే. పాతిక ముప్ఫై మంది కలెక్టర్లతో వీడియో కాన్ఫరెన్సులో రాష్ట్రాన్ని నడపడం సులువు, వేల మంది సర్పంచులతో కష్టం. హైదరాబాదు అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఏళ్లకేళ్లు చదువుతున్న పిల్లలు కూడా ఇది గ్రహించినవాళ్లే. బడిలో ఏ పిల్లను అడిగినా కలెక్టర్ అవుతానంటుంది. జిల్లా పరిషత్ ఛైర్మన్ అవుతాననే పిల్ల నాకు ఇంతవరకు తగల్లేదు.

కాబట్టి ఏ ప్రభుత్వం ఎంతవరకు నిజంగా స్వపాలన కోరుకుంటోందో కొలవడానికి నేను ఉపన్యాసాలు వినను. మూడు చిన్న సంగతులు చూస్తాను. సచివాలయ సిబ్బంది సెలవు చీటీ ఎవరికి ఇవ్వాలి? పంచాయతీ ఖాతాలోంచి పై వాళ్లు డబ్బు లాక్కోగలరా? ఎన్నికలు గడువుకు ముందే జరుగుతాయా? తెలంగాణలో 2025 డిసెంబరులో గెలిచి వచ్చిన సర్పంచులను సస్పెండ్ చేసే అధికారం ఇంకా కలెక్టరు దగ్గరే ఉంది. ఆంధ్రలో 2021 ఏప్రిల్‌లో ప్రమాణం చేసినవాళ్ల గడువు 2026 ఏప్రిల్‌తో సరి. మా మామ ఊళ్లో ఆ కుర్చీలో ఎన్నికైన మనిషి కూర్చుంటాడా, స్పెషల్ ఆఫీసరు కూర్చుంటాడా అన్నదాన్ని బట్టి, 1993 సవరణను మన పాలకులు చట్టంగా చూస్తున్నారో సలహాగా చూస్తున్నారో తేలిపోతుంది.